మొలతాడు కింద నల్లటి పక్కు

రెండేళ్ళ కిందట కార్తీకమాసం చివర్లో, ఈశాన్య రుతుపవనాల వానలు తెరిపిచ్చి చెరువుకట్టల మీద గడ్డి మోకాలెత్తు పెరిగిన రోజుల్లో, చంద్రగిరి దగ్గరున్న మా ఊరికి వెళ్ళి అమ్మకు సాయంగా ఆవులకు గడ్డి కోశాను. పది రోజుల తరువాత తిరుపతిలో ఆఫీసులో ఉండగా వణుకు పుట్టింది. సాయంత్రానికి జ్వరం 103 డిగ్రీలకు చేరింది, కనుగుడ్ల వెనుక విపరీతమైన పోటు. కోసిన గడ్డికీ ఈ జ్వరానికీ సంబంధం ఉంటుందని నాకు తోచనే లేదు.

మా వీధిలోని క్లినిక్‌లో వైడాల్ పరీక్ష పాజిటివ్ వచ్చిందని టైఫాయిడ్‌గా భావించి ఐదు రోజులు సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్లు ఇచ్చారు. జ్వరం ఒక్క పూట కూడా దిగలేదు. ఆ డాక్టరును నేను తప్పుపట్టను. వదలని జ్వరమంటే మా వైపు మొదట గుర్తొచ్చేది టైఫాయిడే. అయితే, ఎప్పుడో వచ్చి తగ్గిపోయిన టైఫాయిడ్ వల్ల రక్తంలో మిగిలిన ప్రతిరక్షకాలు కూడా ఆ పరీక్షను పాజిటివ్‌గా చూపగలవన్న సంగతి నాకు అప్పుడే తెలిసుంటే బాగుండేది. ఆరో రోజుకు ప్లేట్‌లెట్లు 58,000కు పడిపోయాయి, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. నా భార్య పాపను పుట్టింట్లో వదిలి, నన్ను ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది.

అక్కడి డాక్టరమ్మ రిపోర్టులు తెరవకముందే, "ఈమధ్య పొలానికిగానీ గడ్డికిగానీ వెళ్ళారా?" అని అడిగారు. చంకలు, చెవుల వెనుక, నడుము అన్నీ టార్చి వేసి చూశారు. మొలతాడు కింద ఎడమవైపు, సిగరెట్టుతో కాల్చినట్లు, పప్పుబద్దంత నల్లటి పక్కు, దాని చుట్టూ ఎర్రటి అంచు కనిపించాయి. నొప్పీ దురదా లేకపోవడంతో నేను దాన్ని గమనించనే లేదు. "స్క్రబ్ టైఫస్" అన్నారావిడ. ఐజీఎం ఎలైజా అనే రక్తపరీక్ష మరునాడు దాన్ని ధ్రువపరిచింది గానీ, ఆవిడ అంతవరకూ ఆగకుండా ఆ రాత్రే డాక్సీసైక్లిన్ మొదలుపెట్టారు.

ఆ పక్కు ఏమిటో ఆసుపత్రి మంచం మీద ఉండగా ఆవిడ ఓపిగ్గా వివరించారు. గడ్డిలో ఉండే ఒక రకం నల్లి (మంచాల్లో ఉండేది కాదు, మైట్ అనే పురుగు) పిల్ల, కంటికి ఆననంత చిన్నది, బట్ట బిగుతుగా ఉన్న చోట చర్మాన్ని పట్టుకుని, తన లాలాజలంతో కణజాలాన్ని కరిగించి ఆ ద్రవాన్ని పీల్చుకుంటుంది. అప్పుడే స్క్రబ్ టైఫస్ జ్వరాన్ని తెచ్చే ఒరియెన్షియా సుత్సుగముషి అనే బ్యాక్టీరియా లోపలికి చేరుతుంది. కుట్టిన చోట పెరుగుతూ చర్మాన్ని మాడ్చి పక్కు కట్టిస్తుంది, ఆపైన రక్తంలోకి వెళుతుంది. అది రక్తంలో తేలుతూ ఉండిపోయే క్రిమి కాదు, కణం లోపల తప్ప బతకలేదు. రక్తనాళాల లోపలి పొరలోని కణాలు దాన్ని మింగితే, మింగిన సంచిని చీల్చుకుని బయటపడి, కణకేంద్రం దగ్గరికి చేరి అక్కడ విభజన చెందుతుంది. ఎర్రబడి వాచిన నాళాలు కారడం మొదలవుతుంది. ఊపిరితిత్తుల్లో ఆ ద్రవం చేరడమే నా ఆయాసానికి కారణం. సెఫ్ట్రియాక్సోన్ బ్యాక్టీరియా గోడ కట్టుకోకుండా అడ్డుపడే మందు. ఈ క్రిమికి ఆ గోడ పదార్థం నామమాత్రమే, పైగా దాగింది కణం లోపల. డాక్సీసైక్లిన్ మాత్రం కణంలోకి చొరబడి, క్రిమి ప్రొటీన్లు తయారు చేసుకోకుండా ఆపేస్తుంది.

"పాపకు అంటుకుంటుందా మేడమ్?" అని నా భార్య అడిగింది. మనిషి నుంచి మనిషికి రాదని ఆవిడ చెప్పగానే తను ఏడ్చేసింది. అన్ని రోజులూ ఆ భయాన్ని నాకు తెలియనివ్వలేదు.

రెండో రోజు తెల్లవారుజామున ఒళ్ళంతా చెమట పట్టి జ్వరం దిగింది. 100 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు రెండుసార్లు, ఏడు రోజులు వాడాను. నీరసం మాత్రం సంక్రాంతి వరకూ వదలలేదు.

పండక్కి ఊరెళ్ళినప్పుడు అమ్మ అడిగింది: "ఇన్నేళ్ళుగా నేనూ ఆ గడ్డే కోస్తున్నా కదా నాయనా, నాకెందుకు రాలేదు?" అన్ని నల్లులూ ఆ క్రిమిని మోయవు, మోసేవి గుడ్ల ద్వారా తమ పిల్లలకు అందిస్తాయి, అందుకే ఒక గట్టు మీద ఉంటే పక్క గట్టు మీద ఉండకపోవచ్చని చెప్పాను. అమ్మ పెద్దగా మాట్లాడలేదు. కానీ ఇప్పుడు గడ్డిమోపు దించిన వెంటనే కట్టుబట్టలు వేడినీళ్ళలో వేసి, సబ్బుతో రుద్దుకుని స్నానం చేశాకే వంటింట్లోకి వస్తోంది. నేను గట్టు మీది నుంచి వచ్చిన ప్రతిసారీ, "మొలతాడు కింద చూసుకున్నావా?" అని అడుగుతుంది.