ఆవకాయ జాడీ వెనక చాకు

కోనసీమ నుంచి గల్ఫ్‌కి వెళ్లేవాళ్ల పెట్టె విమానాశ్రయం ఎక్స్‌రే తెర మీద చాలావరకు నారింజ రంగే. ఆవకాయ, పూతరేకులు, కాజాలు, బట్టలు అన్నీ తేలిక మూలకాలతో అయినవే. ఇనుము, రాగి నీలం. నడిమధ్యవి ఆకుపచ్చ, ఉప్పు ప్యాకెట్ కూడా అందులోకే వస్తుంది. కిరణం దాటలేనంత మందమైతే నలుపు. చిక్కల్లా, పేలుడు పదార్థాలు కూడా చాలావరకు నారింజే. రంగు చెప్పేది పదార్థం ఏ కోవదన్నదే, అదేమిటో పోల్చుకోవాల్సింది తెర ముందున్న మనిషి.

బెల్టు సెకనుకు సుమారు 20 సెంటీమీటర్లు నడుస్తుంది. అంటే 60 సెంటీమీటర్ల పెట్టె మూడు సెకన్లలో దాటిపోతుంది. ఆపి చూడొచ్చు, కానీ వెనక క్యూ పెరుగుతూ ఉంటుంది.

వస్తువు పడుకున్న తీరు పెద్ద తేడా తెస్తుంది. వెడల్పుగా పడితే చాకుని ఎవరైనా పట్టేస్తారు. అదే అంచు మీద నిలబడితే పూతరేకుని పక్కనుంచి చూసినట్టు సన్నని గీతే కనిపిస్తుంది. అందుకే ఇప్పటి యంత్రాలు చాలావరకు రెండు దిక్కుల నుంచి బొమ్మ తీస్తాయి. ఆసుపత్రి సీటీ స్కాన్ లాంటి యంత్రమైతే బొమ్మని తిప్పి చూడొచ్చు. ఇక జాడీ, ఛార్జర్లు, ఇత్తడి కుంది ఒకదాని మీద ఒకటి పడితే నీడలన్నీ కలిసిపోతాయి. అప్పుడు నారింజను తీసేసి లోహాన్ని మాత్రమే చూపే మీట, నలుపు తెలుపు మీట వాడాలి. అయినా నలుపు విడిపోకపోతే పెట్టె విప్పించడమే. ఊహించి వదిలేయడం పనికిరాదు.

అన్నిటికన్నా మొండి సమస్య, వెతికేది అరుదుగా దొరకడం. 2005లో మనస్తత్వ పరిశోధకుడు జెరెమీ వోల్ఫ్ బృందం నేచర్ పత్రికలో చూపింది ఇదే: సగం బొమ్మల్లో వస్తువు ఉంటే 7 శాతమే తప్పిపోయాయి, నూటికి ఒక దానిలోనే ఉంటే 30 శాతం తప్పిపోయాయి. ఇది బద్ధకం కాదు. ‘లేదు’ అన్న జవాబు పదేపదే నిజమవుతుంటే మనసు వెతుకులాటని ముందే ఆపేస్తుంది. తిట్టినంత మాత్రాన ఇది మారదు.

మరో ఉచ్చు: ఒకటి దొరకగానే కన్ను తృప్తి పడిపోతుంది. నీళ్ల సీసా పట్టుకున్నాక పక్కనున్న కత్తెర జారిపోతుంది. దొరికాక కూడా మిగతా పెట్టె మొదటి నుంచి చూడాలి.

అరుదుగా దొరకడమనే సమస్యకి మందు ఏమిటంటే, నడుస్తున్న బొమ్మల్లోకి యంత్రమే ఉత్తుత్తి తుపాకీ, ఉత్తుత్తి బాంబు చొప్పిస్తుంది. పట్టుకుంటే ‘ఇది పరీక్ష’ అంటుంది, వదిలేస్తే అదీ చెబుతుంది, లెక్క రాసుకుంటుంది. అవే బొమ్మలు ఏళ్ల తరబడి తిప్పితే మాత్రం సిబ్బంది వాటినే గుర్తుపట్టేస్తారు, పరీక్ష ఉత్తిదవుతుంది. యూరప్ నిబంధనల్లో ఏకధాటిగా బొమ్మలు చూడటం మామూలుగా 20 నిమిషాలు దాటకూడదు. ఆ తర్వాత కనీసం 10 నిమిషాలు తెర జోలికి పోకూడదు.

సర్దేవాళ్లకి ఒక మాట. మధురపూడిలో (రాజమండ్రి విమానాశ్రయం) ఎక్కినా, హైదరాబాదులో ఎక్కినా పవర్ బ్యాంకు చేతి సంచిలోనే పెట్టాలి. కురిడీ కొబ్బరి వద్దు, విమాన రవాణాలో అది ఐక్యరాజ్యసమితి ప్రమాదకర సరుకుల జాబితాలో 1363 నంబరు కింద తనంతట తానే వేడెక్కే సరుకు. జాడీలన్నీ ఒకే మూల కుక్కకండి. ఛార్జర్ల తీగలు చుట్టి వాటికి దూరంగా పెడితే పెట్టె విప్పించే పని చాలావరకు తప్పుతుంది.