ఎండిన గడ్డిలో పూలతోట

2018 జూలైలో షెఫీల్డ్‌లో అన్నయ్య వాళ్లింట్లో ఉన్నాను. ఇంగ్లండ్ అంటే పచ్చగా ఉంటుందని ఆశపడి వెళ్తే ఆ ఏడు అక్కడ వానల్లేవు, ఎటు చూసినా మన గజపతినగరం వైపు ఏప్రిల్ నెలే. అయినా వదిన ఊరుకోలేదు, ఛాట్స్‌వర్త్ హౌస్‌కి తీసుకెళ్లింది. డెవన్‌షైర్ డ్యూకుల బంగళా అది, 1549లో ఆ స్థలం కొన్న కుటుంబమే ఇప్పటికీ ఉంటోంది. లోపల గదుల సంగతి పెద్దగా చెప్పను, బంగారు పూతలు, పైకప్పు నిండా బొమ్మలు, చూసి చూసి మెడ పట్టేసింది.

అసలు సంగతి మేడమీది కిటికీలోంచి కనబడింది. దక్షిణం వైపు పచ్చిక మాడిపోయి ఉంది, కానీ ఆ మాడడంలో ఒక లెక్క ఉంది: వంపులు, గుండ్రాలు, మధ్యలో బాటలు, సంక్రాంతికి వేసిన ముగ్గు జనం తొక్కేశాక మిగిలినట్టు. 1699లో మొదటి డ్యూక్ వేయించిన పూలతోటట. తర్వాత మోజు మారిపోయి 1730ల్లో పైన గడ్డి వేసి కప్పేశారు. ఎండ ముదిరితే తప్ప ఆ గీతలు బయటపడవు.

అందరూ ఫోటోలు తీస్తుంటే నాకు మా నువ్వు చేను గుర్తొచ్చింది. దాన్లో ఒక వార మాత్రం ఎప్పుడూ ముందే వాడిపోయేది. చిన్నప్పుడు అడిగితే నాన్న కర్రతో గీత గీసి చూపించారు: "మా తాత నాటి బండిబాటరా ఇది, ఎడ్లబళ్లు తొక్కి తొక్కి నేల గట్టిపడిపోయింది, వేరు దిగదు."

ఆ సాయంత్రమే నాన్నకి వీడియో కాల్ చేసి ఫోటోలు చూపించాను. వాటితోపాటు అక్కడి ఎంపరర్ ఫౌంటెన్ గురించీ ఊదరగొట్టాను: రష్యా చక్రవర్తి వస్తాడని 1844లో అక్కడి తోటల పెద్ద జోసెఫ్ పాక్స్‌టన్ కట్టించాడు, ఆయన రానే లేదు, నీళ్లు దాదాపు 90 మీటర్లు లేచేలా కట్టారు, మన విజయనగరం గంటస్తంభాలు మూడు ఒకదాని మీద ఒకటి పెట్టినా అందవు, మోటారూ లేదు కరెంటూ లేదు, కొండమీద తవ్విన చెరువులోంచి పల్లానికి దిగే నీటి ఒత్తిడే అంతా అని.

నాన్న అంతా విని, కళ్లజోడు సర్దుకుని మళ్లీ ఆ గడ్డి ఫోటోనే చూశారు.

"కొండమీద చెరువు పెట్టుకుని, దీనికో తడి ఇవ్వలేకపోయారేట్రా?"