చెరసాలలోనుంచి వచ్చిన ప్రశ్న

"రాబోవువాడవు నీవేనా, మేము మరియొకనికొరకు కనిపెట్టవలెనా?" మత్తయి సువార్త 11వ అధ్యాయం, 3వ వచనం. ఈ మాట అడిగింది విశ్వాసం లేని బయటివాడు కాదు, బాప్తిస్మమిచ్చు యోహాను. యొర్దాను నదిలో యేసుకు బాప్తిస్మం ఇచ్చినవాడు, ఇదిగో దేవుని గొఱ్ఱెపిల్ల అని అందరికీ చూపించినవాడు. రాజు హేరోదు అతన్ని చెరసాలలో వేయించాడు. ఎంతకీ విడుదల రాలేదు. చివరికి ఆ సాక్షికే అనుమానం వచ్చింది. తన శిష్యులను పంపి యేసును అలా అడిగించాడు.

విశ్వాసం చెదిరి, మళ్లీ కట్టుకోవాలని చూస్తున్నవాళ్లతో కూర్చుంటే నేను ముందు తెరిచేది ఈ అధ్యాయమే. తిరుపతిలో అలాంటి పిల్లలు ఉన్నారు. చిత్తూరు, పలమనేరు, పుంగనూరు వైపు నుంచి చదువుకోవడానికి వచ్చి హాస్టళ్లలో ఉంటారు. సండే స్కూల్లో వాక్యాలు కంఠతా పట్టినవాళ్లే. వాళ్లలో ఒకడి ఇంట్లో నాన్నకు జబ్బు చేసింది. సంఘమంతా ఉపవాస ప్రార్థన చేసింది. జనవరి ఒకటిన ఆ ఏడాదికని తీసిన, బైబిలు వాక్యం రాసి ఉండే వాగ్దానం కార్డులో దీర్ఘాయువు గురించే ఉంది. నాన్న పోయాడు. భూస్థాపన అయి ఇంటికొచ్చాక ఎవరో "విశ్వాసం చాలలేదు" అన్నారు. చావును తట్టుకున్న పిల్లవాడు ఆ మాటను తట్టుకోలేకపోయాడు.

యేసు యోహానును అలా అనలేదు. కన్నవీ విన్నవీ వెళ్లి అతనికి చెప్పమని ఆ శిష్యులతో అన్నాడు: గుడ్డివాళ్లు చూస్తున్నారు, కుంటివాళ్లు నడుస్తున్నారు, చెవిటివాళ్లు వింటున్నారు, బీదలకు సువార్త అందుతోంది. ఇవన్నీ పాత నిబంధన ప్రవక్త యెషయా మాటల్ని గుర్తుచేసేవే. కానీ యెషయా 61వ అధ్యాయంలో చెరలో ఉన్నవారికి విడుదల అని కూడా ఉంది. నజరేతు సమాజమందిరంలో యేసు ఆ భాగాన్నే చదివాడు కూడా. చెరసాలలో ఉన్న యోహానుకు పంపిన జవాబులో మాత్రం ఆ మాట లేదు. లేఖనాలు ఎరిగిన యోహాను అది గమనించే ఉంటాడని నేను అనుకుంటాను. నిన్ను విడిపిస్తాను అని యేసు అతనికి చెప్పలేదు. చెప్పనిదాన్ని చెప్పినట్టు ఆశ పెట్టనూ లేదు. ఆ శిష్యులు అటు వెళ్తుండగానే జనంతో, స్త్రీలు కన్నవారిలో యోహానుకంటే గొప్పవాడు లేడని అన్నాడు. అనుమానించిన తర్వాత దక్కిన మెప్పు అది.

మళ్లీ కట్టుకోవడం ఇక్కడ మొదలవుతుందని నా నమ్మకం. క్రీస్తు చెప్పింది ఏమిటి, మనం ఆయన నోట పెట్టింది ఏమిటి అని విడదీసి చూసుకోవాలి. వాగ్దానం కార్డు తీయడం తప్పని నేననను. దాన్ని మన ఇంటికిచ్చిన గ్యారంటీ కార్డులా చదువుకున్నప్పుడే చిక్కు వచ్చింది. అది కూలినప్పుడు క్రీస్తు కూలినట్టు కాదు. పౌలు పునాదిని వేరేచోట చూపించాడు. క్రీస్తు మృతుల్లోనుంచి లేపబడకపోతే మా ప్రకటన వ్యర్థం, మీ విశ్వాసమూ వ్యర్థం అని కొరింథీయులకు తెగేసి రాశాడు, లేచిన ఆయనను చూసినవాళ్లెవరో కూడా చెప్పాడు. ప్రశ్నకు భయపడేవాడు అలా రాయడు. తీరిగ్గా చదవండి, వాదించండి. అన్ని సిద్ధాంతాలూ ఒక్క నెలలో తేలాలని టెన్షన్ పడొద్దు.

మన ప్రాంతంలోనే నాకు ధైర్యమిచ్చే చోటు ఒకటుంది, మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం. క్రైస్తవ మిషన్లు కలిసి అక్కడ పెట్టిన క్షయ ఆసుపత్రి 1915లో రోగుల్ని చేర్చుకోవడం మొదలుపెట్టింది. క్షయ క్రిముల్ని చంపే స్ట్రెప్టోమైసిన్‌ను కనిపెట్టింది 1943లో. అంతవరకూ అక్కడివాళ్లు ప్రధానంగా ఇవ్వగలిగింది మంచి గాలి, తిండి, విశ్రాంతి, ఓపికగా చేసే సేవ. ఎంతోమంది బతకలేదు. అయినా వాళ్లు తలుపులు మూసుకోలేదు. యేసు పంపిన జవాబుకు అర్థం అక్కడ నాకు కొంత కనిపిస్తుంది.

తిరుపతి పిల్లలకు ఇంకో ప్రశ్న కూడా వస్తుంది. రూమ్మేట్ అలిపిరి నుంచి కాలినడకన కొండెక్కుతాడు, మరి అతని భక్తి సంగతేమిటి? క్రీస్తును ఒప్పుకోవడానికి పక్కవాడి భక్తిని తక్కువ చేయనక్కర్లేదు. యూదుడు కాని రోమా సైనికాధికారి, ఒక శతాధిపతి విశ్వాసాన్ని చూసి యేసే ఆశ్చర్యపడ్డాడు.

మత్తయి 14వ అధ్యాయంలో హేరోదు యోహాను తల తీయించాడు. శిష్యులు శవాన్ని తీసుకెళ్లి పాతిపెట్టి, యేసు దగ్గరికి వచ్చి సంగతి చెప్పారు. కోపంతో వచ్చారో, ఏడుస్తూ వచ్చారో మత్తయి రాయలేదు. ఆ పిల్లల్ని నేను అడిగేదీ అంతే. జరిగింది జరిగినట్టు ఆయనకు చెప్పండి. స్తోత్రంతో మొదలుపెట్టడానికి నోరు రాకపోతే ప్రశ్నతోనే మొదలుపెట్టండి. 13వ కీర్తన మొదలయ్యేదీ అలాగే: "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?"