తప్పు చెప్పుకోనిచ్చే ఆఫీసు

మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ఈరోజు మీటింగ్‌లో "సర్, ఆ డేటా నేనే తప్పుగా ఎక్కించాను" అంది. మేనేజర్ గారు "వెంటనే చెప్పి మంచి పని చేశావమ్మా, కూర్చుని సరిచేద్దాం" అన్నారు. వింటున్న నాకే ప్రాణం లేచొచ్చింది.

హార్వర్డ్‌లో ఎమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆసుపత్రుల్లో మందుల పొరపాట్ల మీద పరిశోధన చేశారు. బాగా కలిసి పనిచేసే నర్సుల బృందాల్లోనే పొరపాట్లు ఎక్కువ నమోదయ్యాయి! ఆవిడే ఆశ్చర్యపోయారు. తరచి చూస్తే, వాళ్లు భయం లేకుండా ఉన్నదున్నట్టు చెబుతున్నారు, అంతే. టీమ్‌లో భయం లేకుండా మాట్లాడగలగడం గురించి 1999లో వచ్చిన ఆమె వ్యాసాన్ని మేనేజ్‌మెంట్ చదివేవాళ్లు ఇప్పటికీ చదువుతున్నారు.

నా పాత ఆఫీసులో తిట్లకు భయపడి అందరం నోరు మూసుకునేవాళ్లం. ఆదివారం సాయంత్రం నుంచే గుండెదడ.

మేనేజర్లుగా ఉన్న మిత్రులారా, మీ దగ్గర చివరిసారి తప్పు ఒప్పుకున్నవాళ్లతో మీరేమన్నారు? చెప్పండి, నిజంగా తెలుసుకోవాలని ఉంది.