మనిషి మాయమైతే ఏం వెతికారు: నాటకాల పోలిక ప్రశ్నకు నేను చదివిన తీరు

తులనాత్మక సాహిత్యం పేపర్ రాయబోతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక్క ప్రశ్న గురించే చెబుతాను. ఒక మనిషి కనిపించకుండా పోతే చుట్టూ ఉన్నవాళ్లు ఎలా స్పందించారో రెండు నాటకాల్లో పోల్చమంటారు. మాక్ టెస్టులో దీనికి నాలుగు పేజీలు నింపాను. 20కి 7 వచ్చాయి. ‘రెండు కథలు రాశావు, పోలిక ఏదమ్మా?’ అని సార్ ఎర్ర ఇంకుతో రాశారు. నల్లగొండ నుంచి ఊరెళ్లే బస్సులో ఆ కాగితం మళ్లీ తీయలేకపోయాను.

ఆ ఎండాకాలమే మా వాడకట్టులో పదో తరగతి ఫెయిలైన పిల్లగాడు చెప్పకుండా వెళ్లిపోయాడు. బొడ్రాయి దగ్గర జనం. ‘సైకిల్ తీస్కపోయిండా?’ ‘పైసలెన్ని వట్కపోయిండు?’ వాళ్లమ్మ ఒక్కతే ‘పొద్దున అన్నం గూడ తినలే’ అంటోంది. మూడో రోజు మిర్యాలగూడలో మేనత్త ఇంట్లో దొరికాడు.

ఆ తర్వాత కన్యాశుల్కం మళ్లీ తెరిచాను (1909 నాటి రెండో కూర్పే చదవండి). లుబ్ధావధాన్లు పెళ్లాడిన ‘పిల్ల’ రాత్రికి రాత్రి మాయమవుతుంది. ఆడవేషంలో ఉన్నది కరటకశాస్త్రి శిష్యుడని మనకు తెలుసు, ఊరికి తెలియదు. రామప్పపంతులుకు, ఆ పిల్లకు పెట్టడానికి మధురవాణి దగ్గర తెచ్చిన కంటె కావాలి. పోలీసులకు లుబ్ధావధాన్ల మీద ఖూనీ కేసు కావాలి. ఆ పిల్ల ఏమైపోయిందోనన్న బెంగ ఎవరి మాటల్లోనూ నాకు గట్టిగా వినిపించలేదు.

డెనిస్ కెల్లీ ఇంగ్లిష్ నాటకం ‘డీఎన్‌ఏ’లో తోటి పిల్లలు రాళ్లు విసురుతుంటే ఆడమ్ గోతిలో పడతాడు. చనిపోయాడనుకుంటారు. వాళ్లలో ఒకడైన ఫిల్ పథకం ప్రకారం అతని స్వెట్టర్‌కు ఎవరో అపరిచితుడి డీఎన్‌ఏ అంటిస్తారు. తీరా ఏ పాపం ఎరుగని మనిషి అరెస్టవుతాడు. కన్యాశుల్కంలో ఎవరి లాభం వాళ్లు చూసుకుని జనం తలో దిక్కవుతారు, ఇక్కడ అబద్ధం అందరినీ ఒక్కటి చేస్తుంది. అసలు మార్కులు వచ్చేది మాత్రం నిజం బయటపడే చోట. పెళ్లికూతురు మగపిల్లాడని తేలితే లుబ్ధావధాన్లు బతికిపోతాడు. ఆడమ్ ప్రాణాలతో కనిపిస్తే మాత్రం, ఆ బతికి ఉండటమే అతని చావుకొస్తుంది.

శాకుంతలం కూడా కలపాలనిపిస్తుంది. ఐదో అంకం చివర శకుంతలను ఒక వెలుగు ఎత్తుకుపోయిందని పురోహితుడు చెబుతాడు. ఒక్క వాక్యంతో సరిపెట్టండి, టైమ్ చాలదు.

అసలు పరీక్షలో కంటెతో మొదలుపెట్టాను. చివరి పేరా ‘డీఎన్‌ఏ’లో ఫిల్ స్నేహితురాలు లియా గురించి రాశాను. ఆమె కూడా ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోతుంది. నాటకమంతా ఏదో ఒకటి తింటూ ఉండే ఫిల్ ఆ తర్వాత ఏమీ తినడు.