కాళ్ళ కింద పేపర్ కట్టలు

ఎవరో ఎత్తుకుపోయారు. రెండేళ్ళుగా నా బల్ల కింద ఉన్న రెండు ఏ4 పేపర్ కట్టలు. ప్రింటర్లో కాగితాలు అయిపోయాయట, ఇక్కడ ఊరికే పడున్నాయి కదా అని పట్టుకెళ్ళారట. ఊరికే!

నా ఎత్తు సంగతి మీకు తెలిసిందే, పొట్టిదాన్ని. మా ఆఫీసు బల్లల ఎత్తు మారదు, మోచేతులు కీబోర్డుకి సరిగ్గా రావాలంటే కుర్చీ పైకి లేపాలి, లేపితే కాళ్ళు గాల్లో వేలాడి సాయంత్రానికి తొడల కింద తిమ్మిరి. దించితే పాదాలు నేలకి ఆనతాయి గానీ భుజాలు చెవుల దాకా లేస్తాయి, మెడ పట్టేస్తుంది. ఆ కట్టలు పెట్టుకున్నాకే ఈ గొడవ తీరింది.

తమాషా ఏంటంటే ఇవాళే మాకు ఎర్గోనామిక్స్, అంటే ఒళ్ళు నొప్పులు రాకుండా ఎలా కూర్చుని పనిచేయాలి, దాని మీద గంటసేపు క్లాసు. మోచేతులు 90 డిగ్రీలు, స్క్రీన్ పై అంచు కళ్ళ ఎత్తులో, పాదాలు నేల మీద. "ఆనకపోతే?" అని అడిగా. ఫుట్‌రెస్ట్ (కాళ్ళ కింద పీట) వాడాలన్నాడు క్లాసు చెప్పే అబ్బాయి. ఎవరిస్తారంటే అడ్మిన్ వైపు చూశాడు, అడ్మిన్ తన ఫోన్ వైపు చూసుకున్నాడు. చివరికి తేలిందేంటంటే డాక్టరు చీటీ తేవాలి. అంటే ముందు నొప్పి రావాలి, తర్వాతే పీట. వెళ్ళేటప్పుడు మాత్రం తలా ఒక నొప్పుల ట్యూబు చేతిలో పెట్టారు.

ఆ ట్యూబు చూస్తే అమ్మమ్మ భుజం గుర్తొచ్చింది. అమ్మమ్మ ఆసు పోసేది, అంటే చీర నేసే ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పి సిద్ధం చేసే పని. అర్ధచంద్రంలా మేకులు, దారం పట్టుకుని ఒక్కో మేకు దాకా చెయ్యి చాపడం, తిప్పడం, వెనక్కి తేవడం. ఒక్క చీరకి 9 వేల సార్లు, రోజుకి రెండు చీరలైతే మీరే లెక్కేసుకోండి. రాత్రి అన్నం కలపడానికి చెయ్యి లేచేది కాదు. నేను జిందా తిలిస్మాత్ మందు రాస్తుంటే గోడ వైపు తిరిగి "ఇంకొంచెం పైన బిడ్డా" అనేది, రోజూ అదే చోటు. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం గారు వాళ్ళమ్మ పడే ఇదే నొప్పి చూడలేక 1999లో యంత్రం చేశారు, ఆమె పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ చెయ్యి తిప్పే పనంతా యంత్రానికి అప్పజెప్పేశారు, అంతే. మా ఇంటికి అది వచ్చేసరికి అమ్మమ్మ ఎడమ చేత్తో జడ వేసుకోవడం నేర్చేసుకుంది.

ఇక్కడిదాకా ఆఫీసుని తిడుతూ హాయిగా రాసుకొచ్చా. కానీ పోయిన నెల మా ఇంట్లో పనికొచ్చే అక్క మోకాళ్ళు పట్టుకుని లేస్తుంటే నేనేం చేశా? నొప్పుల ట్యూబే ఇచ్చా. కర్ర మాప్ బాత్రూం తలుపు వెనక కొన్నది కొన్నట్టే ఉంది. గుడ్డతో కూర్చుని తుడిస్తేనే మూలలు శుభ్రంగా ఉంటాయని అత్తమ్మ మాట. అత్తమ్మ మీదకి తోసేస్తున్నా గానీ నాకూ అదే ఇష్టం. పైగా ఆ అక్క మా ఒక్క ఇంట్లోనే కాదు, ఐదిళ్ళలో అలా కూర్చుని జరుగుతూ తుడుస్తుంది.

రేపు మాప్ బయటికి తీయాలి. అత్తమ్మకి మా ఆయనే చెప్పాలి, నేను చెబితే ఏమవుతుందో మీకు తెలుసు కదా. పేపర్ కట్టలు మాత్రం వదలను. వెళ్ళి చూశా, ప్రింటర్ పక్కనే ఉన్నాయి, ఒకటి అప్పుడే చింపేశారు.