చెట్టా, ర్యాంపా?

పొద్దుట్నుంచీ ప్లానులో ఒక్క గీత మీదే కూర్చున్నాను. పాత పార్కులోని ఆరుబయలు రంగస్థలానికి చక్రాల కుర్చీ దిగే ర్యాంపు ఎటునుంచి రావాలన్నది లెక్క. వాలు 1:12 దాటకూడదు. అంటే మీటరు కిందికి దిగాలంటే 12 మీటర్ల పొడవు, మధ్యలో ఆగే చోటు వేరే. అంత పొడవు పట్టే దారి ఒక్కటే ఉంది. అదేమో సరిగ్గా పెద్దచెట్టు కిందనుంచి పోతుంది.

చెట్టు ఎంత ఎత్తో వేళ్లు అంత లోతని చాలామంది నమ్మకం. నిజానికి నీళ్లు పీల్చే సన్నవేళ్లు ఎక్కువగా పైపై అర మీటరు మట్టిలోనే, కొమ్మల నీడ దాటి కూడా పాకి ఉంటాయి. అక్కడ యంత్రంతో తవ్వినా, పైన మట్టి పోసినా, లారీలు తిప్పినా చెట్టుకు ముప్పే. దెబ్బ వెంటనే తెలీదు. కాంట్రాక్టరు బిల్లు తీసుకుని వెళ్లిపోయిన కొన్నేళ్లకి పైకొమ్మలు ఎండుతాయి, అప్పుడు తెగులంటారు! అందుకే ర్యాంపును నేలకి తగలకుండా చిన్న స్తంభాల మీదికి ఎత్తేశాను. గుంతలు చేత్తోనే తవ్వాలి. లావు వేరు అడ్డొస్తే గుంతే పక్కకి జరగాలి.

మధ్యాహ్నం మీటింగులో ఒకాయన, "పార్కు కట్టినప్పటి మొదటి ప్లానులో ఈ చెట్టే లేదు కదండీ, కొట్టేస్తే సరి" అన్నారు. చారిత్రక పరిరక్షణ పేరుతో ఈ మాట నేను తరచూ వింటాను. చారిత్రక ఉద్యానాల కోసం రాసిన 1981 నాటి ఫ్లారెన్స్ చార్టర్ తోటను స్మారకంగా చూడమంటూనే, అది ప్రాణమున్నదనీ, నశించి మళ్లీ చిగురించేదనీ ఒప్పుకుంటుంది. సూత్రప్రాయంగా ఏ ఒక్క కాలానికీ పెద్దపీట వేయొద్దంటుంది. అదే చెప్పాను. మొదటి ప్లానే ప్రమాణమైతే, అందులో చిన్న చుక్కగా గీసిన ప్రతి మొక్కా పెరగడమే తప్పవుతుంది. ఆయన నవ్వారు గానీ ఒప్పుకోలేదు.

రంగస్థలం ముందు జనం కూర్చునే రాతి మెట్లు తీసి కుర్చీలు వేద్దామన్న మాటా వచ్చింది. గ్రీసులోని ఎపిడారస్ రంగస్థలంలో సున్నపురాతి మెట్ల వరుసలే జనం గుసగుసల్లాంటి మంద్రధ్వనుల్ని అణిచి, నటుల గొంతును పైకి పంపుతున్నాయని 2007లో ఒక పరిశోధన తేల్చింది. మన మెట్లు అంత ఘనమైనవేం కావు. అయినా ఉంచాల్సిందే. కుంగిన రాళ్లకి నంబర్లు వేసి, ఎత్తి, కింద కంకర సరిచేసి, ఏ రాయిని ఆ చోటే పెట్టిస్తాను. దీనికి మాత్రం ఎవరూ అడ్డు చెప్పలేదు.

ర్యాంపు మీద నిర్ణయం వచ్చే మీటింగుకి వాయిదా. ఈలోగా చేత్తో తవ్వడానికి ఎంత కూలి అవుతుందో లెక్క కట్టివ్వమన్నారు.